డ్రాగన్‌కు పెట్టిన పేరు

బావా,

అన్నం, పచ్చిపులుసు మూత పెట్టిన, తిను. పొద్దుగూకంగ సీడుపత్తి మొగ్గలు గిల్లుడు మర్వకు. నిన్న మర్సినవ్, అందుకే ఇయ్యాల మన చేన్ల ఆడపూలకు మగపూల పుప్పొడి అద్దే క్రాసింగు లేదు. నేను వడ్డేపల్లిల అక్కోళ్ల చేనుకు పోతున్న.

ఫోన్ గేముల ఆడ డ్రాగన్‌ను, మగ డ్రాగన్‌ను కలిపి గుడ్డు పెట్టించుడు మాత్రం ఒక్కనాడన్న మర్సినవా? నువ్వు ఛార్జింగు పెట్టి పోయిన ఫోన్ తెరిసి సూసిన. ఆడదానికి మెడనిండ హారాలు, పేరేమో బంగారం! పెండ్లైన కొత్తల నువ్వు నన్ను పిలిసిన పేరు గది. తీసేసి మన బర్రె పేరు పెట్టిన.

స్వరూప

ఆకలని మొత్తుకుంటుంటే సూడలేక ఆ డ్రాగన్‌కు మేత గూడ పెట్టిన. మాపటికి నేనొచ్చినంక బంగారం అని ఒక్కసారి పిలువు. అదైతే పలుకదు.