‘చాలు’ అందని కణాలు

అల్మాటీ,
నవంబర్ 14

రౌషాన్ వదినకు,

కురలాయ్ సలాం. ఆస్తానా ఆస్పత్రిలో నువ్వూ, ఏడు నెలల బెక్జాతూ కాస్తయినా కునుకు తీశారనుకుని రాస్తున్నాను. ఫోన్ చేస్తే నీ పక్కనే అమ్మ ఉంటుంది. అందుకే ఉత్తరం.

డాక్టరమ్మ చెప్పింది బుర్రకెక్కలేదన్నావు కదా. మా ల్యాబులో నేను రోజూ చూసేదే అది. ఒంట్లో కొన్ని కణాలు క్రిములతో పోట్లాడతాయి. పోట్లాట శ్రుతి మించకుండా ఇంటర్‌ల్యూకిన్-10 అనే చిన్న ప్రొటీన్ విడుదలవుతుంది. కణం మీదున్న రిసెప్టర్ దాన్ని అందుకోగానే కణం చల్లబడుతుంది. మన బుజ్జిగాడికి ప్రొటీన్ బోలెడుంది, అందుకునే రిసెప్టరే పాడైంది. అందుకే పేగుల్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవుల మీద కూడా వాడి కణాలు ఆగకుండా విరుచుకుపడుతున్నాయి. పేగులన్నీ పుండ్లు. నీ పాల తప్పేమీ లేదు. ఏడు తరాల వరకు చుట్టరికం ఉండకూడదన్న లెక్క చూడకుండా కోడల్ని తెచ్చుకున్నామని అమ్మ దెప్పుతోందట. ఆ లెక్క వేళ్లు మడిచి మరీ వేసింది తనే కదా!

సరిపోయే ఎముక మజ్జ ఎక్కిస్తే, మంచి రిసెప్టర్లున్న కణాలు పుడతాయి. వాడికి తోబుట్టువులున్నారా అని అడిగితే లేరన్నావట. ఆ సంగతి చెబుతూ అన్నయ్య నా మొహం చూడలేదు. నాకు నేనే వెళ్లి రక్తమిచ్చాను. మేనత్తది కలవడం అరుదు, ఊరికే శ్రమ అంది ఇక్కడి డాక్టరమ్మ. సూది చూస్తే కళ్లు తిరిగేదానివి, నీకెందుకే ఈ పెత్తనాలు అని అమ్మ ఫోన్లో కస్సుమంది.

నిన్న ఫలితం వచ్చింది. పూర్తిగా కలిసింది వదినా. ఇంకా ఆలస్యమైతే వాడు తట్టుకోలేడన్నారు. శనివారం రైలెక్కుతున్నాను.

దారిలో ఉన్నట్టే,
కురలాయ్

తా.క. మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. ఇక్కడి డాక్టరమ్మ నీవి, అన్నయ్యవి, బెక్జాత్‌వి, నావి రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టి చూపించింది. బెక్జాత్‌తో కలిసిన నా కణాల గుర్తుల్లో సగం అన్నయ్యవి, సగం నీవి. ఆడపడుచు ఒంట్లో వదినవి ఎందుకుంటాయి? తొలిచూలు బిడ్డను అత్తగారికి పెంచుకోమని ఇవ్వడం మనవాళ్లలో కొత్తేం కాదు. నాకు చెప్పకపోవడమే కొత్త. ఇచ్చేసిన బిడ్డను నాదనకూడదని, వాడు కళ్లముందు కరిగిపోతున్నా నోరు విప్పలేదు కదా నువ్వు! ఈ కోపం రైల్లో తగ్గుతుందో లేదో తెలీదు. దాత ఫారం మీద సంతకం పెట్టాను. ‘రోగికి ఏమవుతారు’ అన్న గడి ఖాళీగా వదిలాను. అది నువ్వే నింపాలి, అమ్మ చూస్తుండగా.