మూల దాటిన గీత

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు డ్రాఫ్ట్స్‌మన్‌గా ట్రేసింగ్ కాగితం మీద గీసిన ఉద్యోగుల క్వార్టర్ల మ్యాపులు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో మా ఆఫీసుకే వచ్చాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాక, ప్రతి మూలలోనూ దాటిపోయిన గీతల కొసలు కత్తిరించాలి. నెలంతా అదే పని చేసి విసిగి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను.

"మూల కాడ గీత రవ్వంత దాటాలమ్మా, అప్పుడే మూలెక్కడో తెలుస్తాది" అనేవాడివి. నీ అలవాటునంతా ఈరోజు నా ప్రోగ్రామ్ టీ చల్లారేలోపు కత్తిరించేసింది.

ఆఖరి షీటు దగ్గర మాత్రం ఆగిపోయింది. పక్క సీటు సునీత తొంగి చూసి, "ఇదేటి దీదీ, దీంట్లో గీతలు మూలదాకా రానేదు" అంది.

కింద నీ సంతకం, తేదీ ఉన్నాయి. ఆ ఏడాదే నువ్వు టీ సగం గ్లాసు చాలనడం మొదలుపెట్టావు. ఎందుకని అమ్మ అడిగితే "షుగర్ తగ్గిస్తన్నాను" అన్నావు. నీ చెయ్యి వణుకుతోందని మాకు తెలిసింది మరో మూడేళ్లకు.

మూలకు అందని గీతల్ని కలపడానికి, ఎంత ఖాళీ వరకు కలపాలో చెప్పే అంకె ఒక్కటి ప్రోగ్రామ్‌లో పెంచితే చాలు. నేను ఆ షీటును పక్కకు తీసి, మౌసుతో ఒక్కో మూలా కలిపాను. ఆఖరి మూల దగ్గర గీతను రవ్వంత దాటనిచ్చాను.