నీళ్ళు పోసిన చేతులు

పటమట, విజయవాడ
18-11-1974

తెరేసమ్మకు బుల్లెమ్మ వ్రాయునది. అక్కడ నువ్వూ, నీ తమ్ముడు బాలశౌరి, పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చెయ్యి ఆడటం లేదు గానీ, మా అమ్మాయి రావమ్మ కొడుకు మాత్రం తేరుకున్నాడు. ఈ ఉత్తరం బాలశౌరి చేత చదివించుకో.

ముందు పసివాడి సంగతి. నువ్వు వెళ్ళిన పద్దెనిమిదో రోజుకి కూడా వాడి బుగ్గల మీద, నుదుటి మీద పొక్కులు తగ్గలేదు. గోళ్ళతో రక్కుకుంటూ పాలు కూడా వదిలేశాడు. కాంపౌండరు ఇచ్చిన గజ్జి మందు ముఖానికి తగలకూడదని మెడ కింద నుంచే రాశాం. పిల్లల డాక్టరు చూసి కోప్పడ్డాడు. "పెద్దవాళ్ళకి ముఖం మీద రాదమ్మా, పసివాళ్ళకి వస్తుంది. కంటికి కనపడని పురుగు చర్మం తొలుచుకుని గుడ్లు పెడుతుంది. ముఖం వదిలేస్తే ఎట్లా తగ్గుద్ది?" అన్నాడు. గంధకం మందు మూడు రోజులు, కళ్ళూ నోరూ తప్పించి, వాడి ముఖానికీ రాశాం. ఇంట్లో అందరం రాసుకున్నాం. పక్కగుడ్డలు ఉడకబెట్టాను. ఇప్పుడు బుగ్గలు నున్నబడ్డాయి.

నీళ్ళు పోసే మనిషి వల్ల వచ్చిందా అని అడిగాను. ఆమె చేతులకి ఉందా అన్నాడు. లేదన్నాను. "మరి ఆమెనెందుకు అంటారు?" అన్నాడు.

నువ్వు వెళ్ళకముందు ఆ రోజు మా వియ్యపురాలు సీతారావమ్మగారు చల్లపల్లి నుంచి దిగి, "మా పిల్లాణ్ణి ఎవరి చేతుల్లో పెట్టారండీ వదినగారూ?" అనేసరికి నిన్ను బయటికి పిలిచాను. పంపు దగ్గర అందరి ముందూ నిన్ను చేతులు చాపమన్నాను. "చూడండమ్మగారూ, సబ్బుతో కడుక్కునే వస్తన్నా" అంటూ తిప్పి తిప్పి చూపించావు. అయినా, మీ పేటలోంచి తెచ్చి అంటించావన్నాను. మర్నాటి నుంచి నువ్వు పనిచేసే మిగతా నాలుగిళ్ళవాళ్ళూ నిన్ను రావద్దన్నారు. రావమ్మతో సహా ఈ వీధి పిల్లలందరినీ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసినదానివి.

మనసొప్పితే తిరిగి రా. ఆ నాలుగిళ్ళకీ నేనే వెళ్ళి చెబుతాను. ఒప్పకపోతే తప్పు నీది కాదు.

ఇట్లు,
బుల్లెమ్మ

తా.క.: డాక్టరు చెప్పినదాంట్లో ఒక మాట పైన రాయలేదు. పురుగు అంటిన నెలకి గానీ దురద పుట్టదట. శ్రావణంలో కూచిపూడి పెళ్ళికి వెళ్ళి అరువు బొంతల మీద పడుకున్నాను. నెల తిరిగేసరికి నా వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. పసివాడికి అప్పటికి ఒంటి మీద ఏమీ లేదు. రోజూ వాడి ముఖం నా మెడలో పెట్టుకుని నిద్రపుచ్చింది నేనే. పంపు దగ్గర నువ్వు చేతులు చాపినప్పుడు నావి పమిట కింద ఉన్నాయి. నీకు లేదనీ, నాకు ఉందనీ తెలిసే ఆ మాట అన్నాను.

మళ్ళీ వచ్చిన సీతారావమ్మగారికి పొద్దున ఇదంతా చెప్పాను. తల్లినీ బిడ్డనీ రేపటి బస్సుకి తీసుకుపోతానంది. పసివాడి గుడ్డలు మడతపెట్టి ఇచ్చాను.