సేఫ్టీ సారు ప్యాంటు కాలు

ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు
మంగళవారం మధ్యాహ్నం

పూజ్యులైన బావగారికి,

మీ ఒక్కగానొక్క బావమరిది, కంపెనీలో అందరూ కోతి అని పిలిచేవాడు, నమస్కరించి విన్నవించుకునేది ఏమంటే.

ఇక్కడంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఈ వార్డులో ఒకడు దగ్గితే పక్కవాడు పాట అందుకున్నట్టు అందుకుంటున్నాడు కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నా. నువ్వు క్షేమమేనని తెలుసు. కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఏసీ గదిలో దాచిపెట్టినవాణ్ణి దోమ కూడా కుట్టదు.

ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, అందుకే ఉత్తరం. ఏడో తరగతి తప్పినవాడి ఉత్తరంలో ఒత్తులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయేంటా అని జనం ఆశ్చర్యపోవచ్చు. ఆ సంగతి చివర్లో.

అక్కతో నువ్వు చెప్పి పంపిన మాట అందింది. ఎల్లుండి పొద్దున నిన్ను విచారణకి పిలుస్తారు, మధ్యాహ్నం వాళ్ళే నా మంచం దగ్గరికి వస్తారు. అప్పుడు నేను, స్తంభం మీది గుడ్డగొట్టంలో తీగ పెట్టింది నేనే, తమాషాకి పెట్టాను అని ఒప్పుకోవాలి. కోతి పని అంటే ఎవరైనా నమ్ముతారు అన్నావట. నిజమే బావా. కిందటేడు మెస్సులో ఉప్పు డబ్బాలో చక్కెర పోసింది వేరేవాడైతే, నెల్లాళ్ళు తిట్లు తిన్నది నేను.

కానీ ఒక్కసారి మొదట్నుంచీ చెప్పుకుందాం. నీకు తెలిసిన కథే, మళ్ళీ విను.

అమ్మోనియా ట్యాంకులున్న చోట గాలి ఎటు పోతోందో చూపించే గుడ్డగొట్టం ఒకటి స్తంభం మీద ఉండాలని మాకు నూరిపోసింది సేఫ్టీ సారువైన నువ్వే. సైరన్ మోగితే తలెత్తి దాన్ని చూడండి, తోక ఎటుంటే గ్యాసు అటే పోతుంది, చచ్చినా అటు వెళ్ళొద్దు అనేవాడివి. మరి ఆ గొట్టం చిరిగి పీలికలైతే కొత్తది తెప్పించడానికి నువ్వు తిరగని టేబుల్ లేదు. చూసి చూసి నాకు చిరాకేసి, మీ ఇంటి దండెం మీంచి నీ గీతల ప్యాంటు లాక్కొచ్చి, ఒక కాలు కత్తిరించి, అక్కచేత అంచు కుట్టించి స్తంభానికి కట్టాను. కంపెనీ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. క్రేను నడిపే గుండుగాడైతే రోజూ డ్యూటీ ఎక్కేటప్పుడు, సేఫ్టీ సారు ఇవాళ ఎటు తంతున్నాడో చూడండ్రా అని అరిచేవాడు. నువ్వు తిట్టావు గానీ తియ్యలేదు. ఎందుకంటే ఆ కాలు ఒక్కరోజు కూడా అబద్ధమాడలేదు.

తర్వాత పైవాళ్ళు తనిఖీకి వస్తున్నారన్నారు. నెలలుగా రాని కొత్త గొట్టం రెండ్రోజుల్లో వచ్చింది, నారింజ రంగుది, కొత్త పెళ్ళికొడుకులా. ఆ పూట గాలి లేక వేలాడుతుంటే పెద్దసారు చూసి, ఏంటయ్యా ఇది, ఎండిపోయిన పొట్లకాయలా, ఫోటోలో ఏం బాగుంటుంది అన్నాడట. నేనేం వేషం వేస్తానో అని నన్ను ఆరోజు తుక్కు షెడ్డులో పడేశావు. నిచ్చెన వేసుకుని నువ్వే ఎక్కావు. లోపల తీగచుట్ట దూర్చి, తోక ఆఫీసు వైపు నిలబడేలా స్తంభానికి బిగించావు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత చాలా రోజులు గాలి ఎలాగూ ఆఫీసు వైపే వీచింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తీగ తియ్యాలని నీకూ గుర్తు రాలేదు.

అమ్మోనియా లీకై సైరన్ మోగిన రోజు నేను షెడ్డు కప్పు మీద రేకులు బిగిస్తున్నా. అందరూ నువ్వు నేర్పినట్టే బుద్ధిగా తలెత్తి చూశారు. తోక ఆఫీసు వైపు ఉంది. అందరూ వెనక గేటు వైపు పరుగు తీశారు. నాకు పైనుంచి ఇంకోటి కనిపించింది. బస్తాల మీద కప్పిన టార్పాలిన్ వెనక గేటు వైపే ఎగిరెగిరి కొట్టుకుంటోంది, నీ గొట్టం మాత్రం ఫోటోలో ఉన్నట్టే కదలకుండా ఉంది. అటు కాదురా, ఆఫీసు వైపు రండిరా అని గొంతు చించుకున్నా. గుండుగాడు ఆగి పైకి చూశాడు. ఇప్పుడు కూడా నీ వేషాలేనా, దిగి చావు అన్నాడు.

దిగాను. చావలేదు. ఆ పని వాడు చేశాడు. నేను కాలరు పట్టుకుని లాగేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చతికిలపడి ఉన్నాడు, లేవలేదు. వాడితో కలిపి నలుగురు.

నిన్న వాడి భార్య వార్డుకి వచ్చింది. నువ్వు చెప్పలేదా అన్నయ్యా అని అడిగింది. చెప్పానమ్మా, వినలేదు అన్నాను. ఎందుకు వినలేదు అంది.

పేపర్లో వేయించారట, కార్మికులు కంగారుపడి తప్పుదారి పట్టారని. కంగారు ఎక్కడిది బావా? ఒక్కడూ తొక్కిసలాడలేదు. నువ్వు చెప్పిన మాట విన్నారు, అందుకే పోయారు.

మర్చిపోయావంటే నమ్ముతాను. నా పెళ్ళికి ముహూర్తం నేనే మర్చిపోయి నిద్రపోయాను, నువ్వే తన్ని లేపావు. కానీ తీగ మర్చిపోయినవాడివి, దాన్ని ఎవడి మెడకి చుట్టాలో మాత్రం గుర్తుపెట్టుకున్నావు చూడు, అది మింగుడుపడట్లేదు. నేను ఒప్పుకుంటే వైద్యం కంపెనీయే చూసుకుంటుందని, నీ ఉద్యోగం నిలబడుతుందని, అక్క ఇల్లు చల్లగా ఉంటుందని కూడా అన్నావట. అక్క ఇల్లు అనేసరికి ఒక రాత్రంతా ఊగిసలాడాను, అబద్ధమెందుకు. తెల్లారేసరికి తేలింది. నేను వేసిన వేషానికి నవ్వినవాళ్ళు నవ్వారు, తిట్టినవాళ్ళు తిట్టారు, సాయంత్రానికి అందరూ ఇంటికెళ్ళారు. ఇంటికి వెళ్ళనివ్వని పనికి నా పేరు పెట్టకు.

ఒప్పుకోను బావా.

ఇట్లు,
నీ ప్యాంటు దొంగ, బావమరిది

తా.క.: ఈ ఉత్తరంలో నా చేతిది పైనున్న ఆ వంకర సంతకం ఒక్కటే. ఆరోజు నుంచీ నా కళ్ళకి గుడ్డ కట్టే ఉంది. కొంచెం మండుతున్నాయంతే అని నీకు చెప్పించింది నేనే. విప్పినా పెద్దగా ఏమీ కనిపించదని డాక్టరు నిన్న చెప్పాడు. నేను చెబుతుంటే రాస్తున్నది ఎవరో జనానికి తెలియకపోయినా, మొదటి అక్షరం చూడగానే నీకు తెలిసే ఉంటుంది. ప్యాంటు దగ్గర నవ్వింది. గుండుగాడి దగ్గర కలం చప్పుడు చాలాసేపు ఆగింది. నువ్వు తీగ సంగతి చెప్పింది తనకే కదా. ఎల్లుండి పొద్దున నువ్వు నోరు విప్పితే మధ్యాహ్నం తను విప్పక్కర్లేదంటోంది. మిగతాది తన మాట, నేను చెప్పింది కాదు.

ఏమండీ, తమ్ముడు చెప్పింది చెప్పినట్టే రాశాను. రెండుచోట్ల మార్చాలనిపించింది, మార్చలేదు. ఎల్లుండికి మీ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. అది వేసుకుని వెళ్ళండి.