కరెంటు పోయినా చదివిన పిల్లలు

ఆగస్టు 8, 2016. పాతపట్నం

మా మిషన్ స్కూల్‌కి ఒక కంపెనీవాళ్లు కంప్యూటర్లూ, వాటిలో రెండు రీడింగ్ ప్రోగ్రాములూ ట్రయల్‌కి ఇచ్చారు. ఏది పనికొస్తుందో ఏడో తరగతి మీద చూసి శనివారానికల్లా నేను రిపోర్టు పంపాలి. ఒకటి సైలెంటు, తెర మీద అక్షరాలే తప్ప మాట వినిపించదు. పిల్లలు దాని మొహం చూడరు. రెండోది హెడ్‌ఫోన్లో కథ వినిపించి, ఆ తర్వాత పిల్లల చేత చదివిస్తుంది. ఇవాళ మెర్సీ తెర మీద కథ ఎక్కడా తడబడకుండా చదివింది. జూన్‌లో నాలుగు మాటలు చదవడానికి చెమటలు పట్టిన పిల్ల! నాకు ఏడుపొచ్చేసింది. వందకి తొంభై ఆరు వేశాను.

ఆగస్టు 9

మెర్సీ వాళ్లమ్మ దానమ్మ కూలికెళ్లడం మానుకుని స్కూలుకొచ్చింది. మా పిల్ల గట్టెక్కీసినాది టీచరమ్మా అని నా చేతులు పట్టుకుంది.

ఆగస్టు 10, మధ్యాహ్నం

మెర్సీ చదువుతుండగా కరెంటు పోయింది. పిల్ల ఆగలేదు. నల్లటి తెర మీద వేలు జరుపుకుంటూ కథంతా చదివేసింది. చివర్లో కంప్యూటర్ చెప్పే ‘శభాష్, ఇంకో కథ ఎంచుకో’ అన్న మాటతో సహా. పక్కన ఎజ్రా కూడా అంతే. ఆ వరసంతా అంతే.

ఇదేంటని అడిగితే, కంఠతా వచ్చీసినాది కదా టీచర్, ఇంక సూడ్డం ఎందుకు అంది మెర్సీ. మొహంలో భయం లేదు. ఎందుకుంటుంది? సండేస్కూల్లో బైబిల్ వాక్యం కంఠతా చెప్పినవాళ్లకి పెన్సిళ్లు పంచేది నేనే.

ఆగస్టు 11

అదే కథలోని మాటలు వరస మార్చి బోర్డు మీద రాశాను. ఒక్కరూ చదవలేదు.

ఆగస్టు 12

వచ్చిన మార్కులు వచ్చినట్టు పంపేయమన్నారు హెడ్మాస్టర్ కృపానిధిగారు. మార్కులు బాగోకపోతే కంపెనీవాళ్లు కంప్యూటర్లు తీసుకుపోతారు, అవి పోతే తల్లిదండ్రులు పిల్లల్ని కాన్వెంటుకి పట్టుకుపోతారు, స్కూలు మూసుకోవడమే అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నా ఉద్యోగమూ పోతుంది. ఆ మార్కులే పంపితే మాత్రం వీళ్లంతా చదవడం రాకుండానే హైస్కూల్‌కి పోతారు. ఏం చెయ్యను దేవుడా! ప్రార్థన చేద్దామని మోకరిస్తే, నోటికొచ్చినవన్నీ కంఠతా వచ్చినవే. ఛీ.

ఆగస్టు 13

ఉన్నది ఉన్నట్టు రాసి పంపేశాను.

ఆగస్టు 29

కంప్యూటర్లు ఆటోలో వెళ్లిపోయాయి. కొందరు పిల్లలు టీసీలు తీసుకున్నారు. దానమ్మ నాతో మాట్లాడడం లేదు.

ఆగస్టు 30

ఖాళీ బల్ల దగ్గర మెర్సీకి ఎప్పుడూ చూడని పుస్తకం ఇచ్చాను. చాలాసేపు చూసింది. ఇది నాకు రాదు టీచర్ అంది.

వేలు మొదటి అక్షరం మీద పెట్టించాను. అక్కడే ఉంచమన్నాను.