మూడో రాయి

వరంగల్లు, 1946 మార్చి

వకీలు లక్ష్మీనర్సయ్య గారికి నా దండాలు.

పత్తి మిల్లులో లారీ కింద పడి చనిపోయిన చిలుకమ్మ మా అక్క. ఆ లారీ తోలేది ఆమె భర్త, మా బావ కట్టయ్యే. తమరు ఆయన తరఫున నిలబడుతున్నారని విని రాస్తున్నాను.

మిల్లు ఆవరణ వాలుగా ఉంటుంది. లోపల నిలిపిన బండి చక్రానికి రాయి అడ్డం పెట్టకపోతే, ఏం జరిగినా తోలినవాడిదే పూచీ అని మిల్లువాళ్లు గేటు మీద ఉర్దూలో బోర్డు వేశారు. బావకు ఉర్దూ రాదు. సొంత జాగా అయినంత మాత్రాన వాళ్లు రాసుకున్నదల్లా చట్టమవుతుందా అని తమరిని అడుగుదామనుకున్నాను. ఇంతలో రాయి పెట్టడం మరిచానని బావ పోలీసుల ముందు ఒప్పుకున్నాడు.

ఆయన పెట్టాడు. అక్క పోయాక మిల్లుకు వెళ్లి, గోడవార ఆమె వంట చేస్తున్న పొయ్యి నేను చూశాను. రెండు ఇటుకలు, మూడోది టైరు నలుపు అంటిన రాయి. పొయ్యికి ఒకటి తక్కువై అక్కే దాన్ని చక్రం కింద నుంచి తీసింది. హమాలీలు పత్తి బేళ్లు ఎక్కిస్తుంటే లారీ వెనక్కి జారింది. అప్పుడే ఆమె నీళ్ల బిందెతో లారీ వెనక నుంచి వస్తోంది.

జైల్లో అడిగితే బావ అన్నాడు: “నాకు బువ్వ వండవోయి సచ్చిందని రేపు నలుగురు అంటరు. గా మాట నేను ఇనలేను. తప్పు నా మీదనే ఉండనీ, బామ్మర్ది.”

ఆ రాయి నేను ఇంటికి తెచ్చాను. చూపిస్తే ఆయన బయటపడతాడా? చూపించనా, వద్దా? తొందరగా కబురు చేయండి. మా అమ్మకు రాయి సంగతేమీ తెలియదు. నిన్న వాకిట్లో ఆ రాయి చూసి, పొయ్యికి పనికొస్తుందని లోపలికి తీసుకుపోయింది.

ఇట్లు,
చిలుకమ్మ తమ్ముడు