మోగని కప్పులు

నా చెల్లి బెరిల్‌కి,

ఇది అమ్మకు మాత్రం చదివి వినిపించకు. నా చెవులు పోతున్నాయే. ఫోను ఉండగా ఉత్తరమేంటి అంటావేమో, ఫోనులో నువ్వేమంటున్నావో నాకు వినబడితే కదా!

మా పింగాణీ కార్ఖానాలో నా పని తెలుసుగా. బట్టీలోంచి వచ్చిన కప్పును పుల్లతో తట్టి చూడాలి. మంచిదైతే ఖంగున మోగుతుంది, కంటికి ఆనని బీట ఉంటే బొంగురుగా పలుకుతుంది. కొన్నాళ్లుగా నాకు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పక్క బల్ల దగ్గర ఇదే పని చేసే డాట్ మొహం చూస్తూ నెట్టుకొచ్చాను. నేను తట్టినప్పుడు ఆవిడ మొహం చిట్లిస్తే కప్పు పక్కకు, లేకపోతే పెట్టెలోకి. పోయిన వారం బీటల కప్పులు దుకాణాల నుంచి పెట్టెలకొద్దీ తిరిగొచ్చాయి. సూపర్‌వైజర్ క్లైవ్ వచ్చి, నన్ను మేడమీది నర్సు దగ్గరికి పంపుతున్నానన్నాడు.

పనివాళ్ల ఆరోగ్యం చూడ్డానికి వచ్చే నర్సు ఆవిడ. ఆ గదంటే మావాళ్లకు హడల్. "మెట్లెక్కావంటే ఉద్యోగం దిగినట్టే" అంటారు. వాళ్లు గెంటేదాకా ఎందుకని రాజీనామా రాసి పెట్టుకున్నాను. నాకు ఇంకో పని రాదు, బెరిల్. ఆ బల్ల వదలాలంటే ఏడుపొస్తోంది.

నీ గ్లెనిస్

*

బెరిల్ బంగారం,

నర్సు పేరు హెస్టర్. వెళ్లగానే రాజీనామా ఆవిడ ముందు పెట్టాను. చదవనైనా చదవకుండా దానిమీద తన టీ కప్పు పెట్టి, "ముందు నీ పనేంటో చూపించు, పద" అంది. కిందికొచ్చి, నా స్టూలు మీద కూర్చుని తానే కప్పులు తట్టింది! వెనకాల దుమ్ము లాగే ఫ్యాను. "ఈ హోరులో నాకే వినబడట్లేదు" అంది. తర్వాత మెల్లిగా, "నీ చెవుల సంగతి నువ్వు సరేనంటేనే క్లైవ్‌కు చెబుతాను. చెప్పనా?" అని అడిగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను అలా అడిగినవాళ్లు లేరు. సరేనన్నాను.

"ఈమె బల్ల ఫ్యానుకు దూరంగా జరపండి. ఏం చెప్పినా ఎదురుగా వచ్చి చెప్పండి. ప్రమాద గంటతోపాటు దీపం కూడా వెలగాలి. పైపూతలో మచ్చలు ఈమె చూస్తుంది, తట్టడం డాట్‌కి ఇవ్వండి" అంది క్లైవ్‌తో.

"ఎవరి కప్పు వాళ్లే తట్టాలండీ. మా తాతల నాటి నుంచీ ఇంతే" అన్నాడు క్లైవ్.

"మీ తాతల నాడు ఈ ఫ్యాను ఉండేదా?"

క్లైవ్ నా బల్ల జరపడానికి మనుషుల్ని పిలిచాడు. చెవి మిషన్ కోసం ఆస్పత్రికి కూడా ఆవిడే రాసింది. మనిషంటే అలా ఉండాలే! ఆ రాజీనామా కాగితాన్ని నేనే చింపేశాను.

అసలు సంగతి విను. సోమవారం కప్పులన్నీ డాట్ ముందు పెట్టారు. పుల్ల పట్టుకుని తెల్లమొహం వేసింది.

"ఏమే, తట్టవేం?" అన్నాను.

"నా వల్ల కాదే గ్లెన్. ఎప్పట్నుంచో నీ మొహం చూసే నెట్టుకొస్తున్నా."

ఇన్నాళ్లూ ఆ కప్పులు ఇద్దరు చెవిటివాళ్ల ముందు శంఖం ఊదాయన్నమాట! పడీపడీ నవ్వాం. తర్వాత డాట్ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కళ్లు తుడుచుకుని, ఎవరూ పంపకుండానే తనంతట తాను హెస్టర్ దగ్గరికి బయల్దేరింది. తోడు నేనూ వెళ్లాను. ప్రస్తుతానికి కప్పులు తట్టేది క్లైవ్.

ఇంకా ఉద్యోగంలోనే ఉన్న
నీ గ్లెనిస్